ఫెదోస్యా మామ్మ గదిలో వెచ్చదనం

ఆ రోజు మొదట నన్ను భయపెట్టింది నిశ్శబ్దం.

పొద్దున తొమ్మిదిన్నరకి వంటింట్లో నిలబడి మా ఏడు నెలల పాప నరియానాకి జావ కాస్తున్నాను. ఇల్లు ఎందుకో మరీ ప్రశాంతంగా ఉందనిపించింది. జావ చిక్కబడేదాకా కారణం తట్టలేదు. గోడ వారగా పోయే వేడినీళ్ళ గొట్టాలు మా ఊళ్ళో సెప్టెంబరు నుంచి మే దాకా రాత్రీ పగలూ గుటకలు మింగుతున్నట్టు చప్పుడు చేస్తూనే ఉంటాయి. ఆ చప్పుడు లేదు. గరిటె వదిలేసి గొట్టం మీద చెయ్యి వేశాను. వెచ్చగానే ఉంది, కానీ ఎవరో తాగకుండా వదిలేసిన టీ గ్లాసులా ఉంది.

కిటికీ అవతల మేకుకి కట్టిన థర్మామీటరు మైనస్ యాభై నాలుగు చూపిస్తోంది. దాని వెనక ఏమీ లేదు. ఎదుటి ఇల్లు లేదు, వీధి లేదు, అల్దాన్ నది వైపు దిగే వాలు లేదు. అంతా పాలలా తెల్లటి పొగమంచు.

మా దగ్గర ఎవర్ని అడిగినా ఈ లెక్క చెప్తారు. వేడి ఆగిన మూడు గంటలకి ఇంట్లో కోటు వేసుకోవాలి. ఆరు గంటలకి గోడ మూలల్లో మంచు పడుతుంది. ఆ తర్వాత గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి ఇనుము పగులుతుంది. ఒకసారి పగిలితే వేసవి దాకా ఆ ఇంట్లో మనిషి ఉండలేడు. మా ఆయన నుర్గున్ నది మీది మంచు రోడ్డులో లారీ నడుపుతాడు. తిరిగి రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇంట్లో నేనూ పాపా.

రేడియోలో ప్రకటన వచ్చింది. మా వీధిలోని ఆరిళ్ళకీ, బడికీ వేడినీళ్ళు పంపే బాయిలరు దగ్గర పంపు ఆగిందనీ, సాయంత్రం ఆరు లోపల బాగవుతుందనీ చెప్పారు. ఆ మాట చెప్పిన ఆవిడ గొంతు మామూలుగా లేదు.

కట్టె పొయ్యి ఉన్న పాత ఇళ్ళల్లో చుట్టాలున్నవాళ్ళంతా అటు బయల్దేరారు. కింద వాటా వాళ్ళ వ్యాన్‌లో అప్పటికే ఏడుగురు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. "రెండో దఫాకి నిన్నూ పాపనీ తీసుకెళ్తాం, సిద్ధంగా ఉండు కున్నెయ్," అని అరిచి వెళ్ళారు. నేను పాపకి రెండు జతలు తొడిగి, సంచీ సర్దుకుని, కుర్చీలో కూర్చున్నాను. పదకొండైంది. వ్యాన్ రాలేదు. ఫోన్ చేస్తే, ఒక్క నిమిషం ఆపినందుకే ఇంజన్ గడ్డకట్టిందని, ఇక కదలదని చెప్పారు.

అప్పటికి నా ఊపిరి గదిలో నాకే కనిపిస్తోంది.

తలుపు తట్టింది ఎదురు వాటా ఫెదోస్యా మామ్మ. డెబ్బై ఒకటి దాటాయి. ఈ ఊళ్ళో సగం మంది నెత్తిన ఉన్న బొచ్చు టోపీలు ఆవిడ చేతివే. తలుపు తెరిచేసరికి ఆకుపచ్చ జరీ పువ్వుల గౌను, మెడలో వెండి పేట, చెవులకి పొడుగు కమ్మలు, పెదాలకి ఎర్రరంగు వేసుకుని నిలబడి ఉంది. పాదాలకి దుప్పి కాళ్ళ తోలుతో కుట్టిన బూట్లు, వాటి అంచున పూసల వరస. ఎక్కడికో పెళ్ళికి బయల్దేరినట్టుంది.

నన్ను కిందనుంచి పైకి చూసింది. మా ఆయన పాత స్వెటరు, దాని మీద ఇంకో స్వెటరు, చుట్టూ దుప్పటి.

"ఏవిటే ఈ అవతారం?" అంది. "చలి ఇంట్లోకి రాగానే ముందు నిన్ను చూస్తుంది పిల్లా. ఇది ఎప్పుడో ఓడిపోయిందిలే అనుకుని సరాసరి నీ మంచం ఎక్కుతుంది."

"భయంగా ఉంది మామ్మా."

"ఉంటుంది. ముందు తల దువ్వుకో. మంచి గౌను వేసుకుని పాపని తీసుకుని మా గదికి రా. పొయ్యి వెలిగించాను."

తల దువ్వుకుని, మంచి గౌను వేసుకుని, కమ్మలు పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ గదిలో ఇనప పొయ్యి ఉంది. వాళ్ళాయన బతికున్నప్పుడు పెట్టింది. దాని పొగగొట్టం కిటికీ పైభాగంలో గాలికోసం ఉండే చిన్న తలుపులోంచి, ఒక రేకులో చేసిన కంతగుండా బయటికి పోతుంది. పదేళ్ళుగా దాన్ని ఎవరూ వెలిగించలేదు. ఇప్పుడు లోపల లార్చ్ కట్టెలు చిటపటలాడుతున్నాయి. మామ్మ బయటి గోడకి దుప్పి తోళ్ళు వేలాడదీసింది. తలుపుకి మందపాటి కంబళి కొట్టింది. కిటికీ అంచుల్లో, రేకు చుట్టూ ఉన్న సందుల్లో, కుందేలు బొచ్చు పీలికలు కూరింది. గాలి చొరబడే చోటు ఒక్కటీ మిగల్లేదు. బల్లమీద శుభ్రమైన జరీ గుడ్డ, అంచున నీలం గీత ఉన్న కప్పులు, పాల టీ, ఎర్రటి పుల్లపండ్లు కలిపి చిలికిన మీగడ, వేడి వేడి అట్లు. మొదటి అట్టు ముక్క పొయ్యిలో వేసి, నిప్పుకి పెదాలతో ఏదో చెప్పుకుని, అప్పుడు మాకు వడ్డించింది.

చెప్పొద్దూ, ఆ గదిలో అడుగు పెట్టగానే నాకు ఏడుపొచ్చింది. అంత బాగుంది.

మూడో మనిషి పై అంతస్తు ప్రొకొపీ తాత. ఒకప్పుడు నది మీద సరుకుల పడవలు నడిపేవాడు. భార్య పోయాక బట్టల సంగతి పట్టించుకోవడం మానేశాడు. ఒక చెవి ఊడిన టోపీ, గుండీలు లేని కోటు తాడుతో కట్టుకుని, చంకలో ఆరేడు కట్టెలతో దిగి వచ్చాడు.

"ఏవయ్యా ప్రొకొపీ," అంది మామ్మ, "నిన్ను చూస్తే ఎలుగుబంటి కూడా జాలిపడి ఓ ముద్ద పెడుతుంది."

"ఎలుగుబంటి ఇప్పుడు పడుకుని ఉంది. దానికున్న పాటి తెలివి నాకు లేక మెలకువగా ఉన్నా."

"ఆ కోటు బయట విప్పు. ఇదిగో ఇది తొడుక్కో." ఎవరో పురమాయిస్తే కుట్టిన తోడేలు బొచ్చు కోటు తీసి అతని భుజాల మీద వేసింది. "మరక పడిందా, నీ తోలుతో ఇంకోటి కుడతాను."

తాత నవ్వాడు. నేనూ నవ్వాను. పొయ్యి మీద నీళ్ళ కోసం తెచ్చిన నది మంచుగడ్డ గిన్నెలో కరుగుతూ తిరుగుతోంది. నరియానా దుప్పి తోలు మీద బోర్లా పడి బొచ్చు పీకుతోంది.

మామ్మకి ఒక అలవాటుంది. చలి యాభై దాటి బడికి సెలవిచ్చిన రోజున కొత్త కుట్టుపని మొదలుపెడుతుంది. ఆ రోజూ అంతే. ఉడుత తోళ్ళు బల్లమీద తిరగేసి పరిచి, వెనక వైపు నుంచి సన్నటి కత్తితో గీసింది. కత్తెర వాడితే బొచ్చు తెగుతుంది. నరియానాకి కోటు అట. మెడ దగ్గర ఎర్ర జరీ, చేతుల చివర తెల్ల కుందేలు.

"దీని అమ్మలాగా స్వెటరు మీద స్వెటరు వేసుకుని తిరక్కూడదు ఈ పిల్ల," అంది.

నేను దారం ఎక్కించబోయాను. మూడుసార్లు తప్పింది. గొట్టాల వైపే పోతోంది నా చూపు. ఆ గొట్టం మీద చెయ్యి వేసి చూసొచ్చాను. చల్లగా, చేతికి అంటుకునేలా ఉంది.

"మీకు అసలు భయమే వెయ్యదా మామ్మా?"

ఆవిడ కత్తి ఆపలేదు. "నాకు పన్నెండేళ్ళప్పుడు మా అక్క ఆవులకి గడ్డి వేద్దామని దొడ్లోకి వెళ్ళింది. ఇలాంటి పొగమంచే. తిరిగి వచ్చేటప్పుడు ఇంటి తలుపు కనపడలేదు దానికి. తెల్లారి చూస్తే గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. కూచుని ఉంది." కాసేపు తోలు మీద గీత సరిచూసుకుంది. "అప్పట్నించి ప్రతి చలికాలం నాకు వణుకే పిల్లా. అద్దం ముందు కూచుని రంగు వేసుకుంటే, ఆ కాసేపు చెయ్యి వణక్కూడదు కదా. అందుకని వణకదు. మళ్ళీ పని మొదలెడతాను. అదీ అయిపోతే ఇంకోటి."

తాత ఒక కట్టె లోపలికి ఎగదోశాడు. పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఒంటిగంట దాటాక కట్టెలు అయిపోవచ్చాయి. వెనక పెరట్లో మా కట్టెల కొట్టు ఉంది. తాత లేవబోయాడు కానీ అతనికి మోకాళ్ళు పట్టేశాయి. నేను వెళ్తానన్నాను. పాప అప్పుడే నిద్రపోయింది.

"కమ్మలు తీసెయ్," అంది మామ్మ. "చెవులు ఊడి చేతికొస్తాయి." నా టోపీ లాగేసి, తన నక్క బొచ్చు టోపీ నా నెత్తిన పెట్టి, గడ్డం కింద ముడి వేసింది. "ఇప్పుడు వెళ్ళు. ఎవరన్నా చూసినా పరవాలేదు."

బయట ఊపిరి వదిలితే చెవి పక్కన సన్నగా చిటచిటమన్నది. సూర్యుడు ఎక్కడో ఉన్నాడు, పొగమంచులో ఎర్రటి మచ్చలా. బట్టలారేసే తాడు మా వెనక మెట్ల నుంచి కొట్టు దాకా ఉంది. దాన్ని పట్టుకుని నడిచాను. పది అడుగులు వేసి వెనక్కి చూస్తే ఇల్లు లేదు. మామ్మ వాళ్ళ అక్క గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. తాడు మీద చెయ్యి జరుపుతూ మళ్ళీ నడిచాను. కొట్టు తాళం గడ్డకట్టింది. ఊపిరి ఊదాను, గోడకి ఆనించి ఉన్న గొడ్డలి వెనకవైపుతో కొట్టాను. లోపలికి పోయి, చేతులు తిమ్మిరెక్కితే చంకల్లో పెట్టుకుని, మళ్ళీ కట్టెలు పేర్చుకుని బయటపడేసరికి బాగా ఆలస్యమైంది. అరగంటకి తక్కువ ఉండదు.

మెట్లెక్కి, భుజంతో తలుపు నెట్టుకుని గదిలోకి వచ్చాను.

వెచ్చదనం ఒక్కసారిగా ముఖానికి తగిలింది. కనురెప్పల మీద మంచు కరిగి కళ్ళలోకి కారింది. గది నిశ్శబ్దంగా, ఎర్రగా, మెత్తగా ఉంది. తాత కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. మామ్మ బల్లమీద చెంప ఆనించి నిద్రపోతోంది. చెంపలు ఎర్రగా, పడుచుపిల్ల చెంపల్లా ఉన్నాయి. రేడియోలో ఎవరో పాడుతున్నారు. ముగ్గురూ ఎంత హాయిగా నిద్రపోతున్నారో అనుకున్నాను. కట్టెలు చప్పుడు కాకుండా దింపాలనుకున్నాను. నేనూ కాసేపు కూర్చోవాలనిపించింది.

మామ్మ చేతిలో సూది ఉంది.

నాకు ఆవిడ పదకొండేళ్ళుగా తెలుసు. గది దాటి నీళ్ళు తాగడానికి వెళ్ళినా సూది మొలకి కట్టుకున్న చిన్న మెత్తలో పెట్టిగానీ లేవదు. అలాంటిది వేళ్ళ మధ్య సూది పట్టుకుని నిద్రపోయింది. పక్కనే కప్పు పడిపోయి, పాలటీ జరీ గుడ్డ మీదుగా నేలకి బొట్లు బొట్లుగా కారుతోంది.

"మామ్మా," అన్నాను.

కదల్లేదు.

పొగగొట్టం వైపు చూశాను. గొట్టం మధ్యలో అడ్డంగా తిరిగే రేకు ఒకటుంటుంది, దానికి బయట చిన్న పిడి. నిలువుగా ఉంటే దారి తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. నేను వెళ్ళేటప్పుడు నిలువుగా ఉన్న పిడి ఇప్పుడు అడ్డంగా ఉంది. పొయ్యిలో నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఆ పైన చిన్న నీలిమంట.

ఇలా పోయిన కుటుంబాలు మాకందరికీ తెలుసు. మా అమ్మ వైపు ఒక ఇంట్లో నలుగురు పోయారు. నిప్పు ఆరకముందే, వేడి పోతుందని గొట్టం మూసేస్తారు. నిప్పుల్లోంచి వచ్చే విషవాయువు గదిలో నిండుతుంది. దానికి వాసన ఉండదు. నిద్ర వస్తుంది.

చేతుల్లో కట్టెలు ఎప్పుడు పడ్డాయో తెలియదు. పాపని తోలుతో సహా ఎత్తాను. తల వెనక్కి వేలాడింది. చెయ్యి జారి వేలాడింది. నిద్రపోతున్న పాప చెయ్యి అలా వేలాడదు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

వసారాలోకి పరిగెత్తి తలుపు బార్లా తెరిచాను. అక్కడ మైనస్ ఇరవై డిగ్రీల చలి ఉంటుంది, ఎక్కువే ఉంటుంది. పాప ముఖం బయటికి ఉంచి, ఒళ్ళంతా నా కోటులోకి దోపుకుని, ముఖం మీద ఊదాను. పేరు పెట్టి పిలిచాను. వీపు మీద చరిచాను. ఎంతసేపో చెప్పలేను. నాలుగు ఊపిరులో, నలభయ్యో. తర్వాత పాప దగ్గింది. ఇంకోసారి దగ్గి, సన్నగా, కోపంగా, పిల్లి అరిచినట్టు ఏడ్చింది.

కూర్చోకూడదనుకున్నాను. కూర్చుంటే లేవలేనని తెలుసు.

పాపని తోలులో చుట్టి మా వాటా గుమ్మం మీద పెట్టాను. అక్కడ గాలి చల్లగా ఉన్నా శుభ్రంగా ఉంది. పాప ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు నా చెవిన పడుతున్నంతసేపూ పరవాలేదనుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ గదిలోకి వెళ్ళాను.

కిటికీ తెరవాలని చూశాను. మామ్మ కూరిన బొచ్చు పీలికలు వేళ్ళకి అందలేదు, చుట్టూ కాగితం అతికించి ఉంది. కింద పడిన కట్టె తీసుకుని అద్దం మీద కొట్టాను. మా కిటికీలకి మూడేసి అద్దాలు. మొదటిది పగిలింది, రెండోది పగిలింది, మూడోదానికి నాలుగు దెబ్బలు పట్టాయి. బయటి చలి గదిలోకి తెల్లగా, నేల మీద పాకుతూ వచ్చింది. మా ఇంటి కిటికీని నా చేతులతో నేనే మైనస్ యాభై నాలుగు డిగ్రీలకి తెరిచాను. ఇంకో గంటలో ఇదే మమ్మల్ని చంపుతుందని తెలిసీ తెరిచాను.

మామ్మ బరువు మనిషి. ఎత్తలేకపోయాను. బల్ల కింద ఉన్న తోలు మీదికి దొర్లించి, తోలు చివర పట్టుకుని లాగాను. బొచ్చు నేల మీద జారి వచ్చింది. గుమ్మం దగ్గర ఆవిడ కమ్మ తట్టుకుని చెవి తెగింది. రక్తం చూసి భయపడటానికి కూడా తీరిక లేదు. వసారాలో పడుకోబెట్టి తాత కోసం వెళ్ళాను. అప్పటికి గదిలోకి గాలి వచ్చింది. అతను కళ్ళు సగం తెరిచి, నా వైపు చూసి, నన్ను తన భార్య పేరు పెట్టి పిలిచాడు.

"లే తాతా. లేచి నడువు."

"పడవ కట్టేశావా?"

"కట్టేశాను. లే."

చంకల కింద చేతులేసి ఈడ్చాను. వసారాలో గోడకి ఆనిన వెంటనే అతను వాంతి చేసుకున్నాడు. తోడేలు కోటు నిండా. ఆ కోటు చూసి మామ్మ ఏమంటుందోనని ఆ క్షణంలో నాకు ఆలోచన వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. ఈ చలికి ఆసుపత్రి లారీ ఒకటే పనిచేస్తోంది, నలభై నిమిషాలు పడుతుందన్నారు. నలభై నిమిషాలు ఆ వసారాలో ఒక పాప, కదల్లేని ఇద్దరు ముసలివాళ్ళు. మామ్మ ఊపిరి పీలుస్తోంది కానీ కళ్ళు తెరవలేదు. పెదాల ఎర్రరంగు చుట్టూ చర్మం నీలంగా మారుతోంది. చలికో, విషానికో నాకు తెలియలేదు.

మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాలి. మళ్ళీ పొయ్యి వెలిగించాలి. ఆ రోజంతటిలో నాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే. పొయ్యి ముందు నిలబడ్డాను. పిడి నిలువుగా తిప్పాను. తిప్పిందో లేదో అని మళ్ళీ తిప్పి చూశాను. మామ్మ కుట్టు దారం, దుప్పి నరాలతో పేనిన గట్టి దారం తీసుకుని, పిడి తిరక్కుండా మేకుకి కట్టి ఆరు ముళ్ళు వేశాను. పగిలిన కిటికీలో కింది సగానికి పరుపు తోసి, పై సగం తెరిచి వదిలేశాను. కట్టెలు వేశాను. మంట లేచినప్పుడు నా ఒళ్ళంతా, ఆ మంటకి దూరంగా పారిపొమ్మని కొట్టుకుంది.

ముగ్గుర్నీ పొయ్యి దగ్గరికి చేర్చాను. బల్లమీది జరీ గుడ్డ, గోడ తోళ్ళు, పెట్టెలోని టోపీలు, ఊళ్ళోవాళ్ళు కుట్టమని ఇచ్చినవీ ఇవ్వనివీ, అన్నీ వాళ్ళ మీద కప్పాను. పాపని గుండెకి కట్టుకుని, కూర్చోకుండా, ఒకరి ముక్కు దగ్గర్నుంచి ఇంకొకరి ముక్కు దగ్గరికి చెయ్యి పెట్టి చూస్తూ తిరిగాను. మీగడ గిన్నె నా కళ్ళముందే గడ్డకట్టింది.

తాతకి కొంచెం తెలివొచ్చింది. గొట్టం వైపు చూశాడు. దారం ముళ్ళు చూశాడు.

"నేనే మూశాను," అన్నాడు.

"తెలుసు."

"కట్టెలు అయిపోయాయి కదా. నువ్వొచ్చేదాకా పాపకి చలేస్తుందని. ఇక మంట లేదనుకున్నా. పాపకి చలేస్తుందనే..."

నాకు అతని మీద కోపం రావాలి. రాలేదు. నేను ఆ గదిలో ఉంటే, చేతిలో పని ఉంటే, ఆ వెచ్చదనంలో నేనూ అదే చేసేదాన్నేమో.

"మాట్లాడుతూ ఉండు తాతా," అన్నాను. "ఏదో ఒకటి. నిద్రపోకు."

అతను నది పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అల్దాన్‌లో కలిసే ఒక్కొక్క ఏరు, ఒక్కొక్క ఇసుక తిన్నె, పడవ ఎక్కడ ఎడమకి తిప్పాలో, ఎక్కడ కుడికి తిప్పాలో. లారీ వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. మధ్యలో ఏడ్చాడు కూడా.

లారీలోంచి దిగిన నర్సు మామ్మ ముఖానికి ఆక్సిజన్ పెట్టి, కిటికీ వైపు చూసి, నా వైపు చూసింది. "ఇది పగలగొట్టింది నువ్వేనా?" అంది. అవునన్నాను. పాపని నా దగ్గర్నుంచి తీసుకోబోతే నా చేతులు విడవలేదు. ఇద్దర్నీ కలిపే ఎక్కించింది.

బాయిలరు పంపు మర్నాడు పొద్దున బాగైంది. అప్పటికే మా ఇంట్లో గొట్టాలు మూడు చోట్ల పగిలి, మెట్ల మీద నీళ్ళు మోకాలెత్తు గడ్డకట్టాయి. మిగతా చలికాలం అందరం బడి హాస్టల్లో ఉన్నాం. నరియానాకి ఏమీ కాలేదు. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి, చూసి, పంపేశారు. నుర్గున్ తొమ్మిదో రోజున వచ్చి, అంతా విని, పాపని ఎత్తుకుని చాలాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

మామ్మ రెండో రోజు కళ్ళు తెరిచింది. మొదట నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టింది కానీ, ఆ రోజు పొద్దుటి నుంచి ఏదీ జ్ఞాపకం లేదు. కిటికీ పగలగొట్టానంటే నమ్మలేదు. "మూడు అద్దాలూనా?" అంది. వేళ్ళు మునపటిలా లేవు. కత్తి పట్టుకుంటే తోలు మీద గీత వంకరపోయేది. ఒకరోజు హాస్టల్ గదిలో తోలు ముక్కని ముందు పెట్టుకుని, ఏది మెడ భాగమో, ఏది చెయ్యో తేల్చుకోలేక కూర్చుని ఉంటే చూశాను. నేను పక్కన కూర్చుని చూపించాను. విసుక్కుంది. చెయ్యి విదిలించింది. కాసేపయ్యాక, "మళ్ళీ చూపించు," అంది. ఆ సంవత్సరం ఆవిడ ఒక్క టోపీ కూడా పూర్తి చెయ్యలేదు. మరుసటి సంవత్సరం రెండు చేసింది.

నాకు మాత్రం ఇప్పటికీ ఒక చెడ్డ అలవాటు మిగిలింది. బాగా వెచ్చగా ఉన్న గదిలో ఎక్కువసేపు కూర్చోలేను. ఎవరింటికైనా వెళ్తే ముందు కిటికీ గాలి తలుపు తెరిచి ఉందా అని చూస్తాను. పాప గాఢంగా నిద్రపోతే లేపి చూస్తాను. నుర్గున్ మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు తనే లేచి తలుపు ఓర తెరిచి పడుకుంటాడు.

ప్రొకొపీ తాత ఆసుపత్రి నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. భోజనాల గదికి రాడు. మామ్మ గది ముందు నుంచి పోవలసి వస్తే తల దించుకుని పోయేవాడు. చివరికి మామ్మే కర్ర పొడుచుకుంటూ అతని గదికి వెళ్ళింది. నేను వెంట వెళ్ళాను.

"ఏవయ్యా, నన్ను చంపబోయావట," అంది.

తాత గోడవైపు తిరిగాడు.

"మర్చిపోయాను కాబట్టి సరిపోయింది. గుర్తుంటే వదిలేదాన్నా." మంచం చివర కూర్చుంది. "గడ్డం గీసుకో. ఇంత బతుకూ బతికి, ఇప్పుడు దిక్కులేనివాడిలా ఉంటావా?"

అతను గడ్డం గీసుకున్నాడో లేదో ఆ రోజు నేను చూడలేదు. మార్చి మొదటి వారంలో, చలి మైనస్ ముప్పైకి తగ్గాక, హాస్టల్ గుమ్మంలో కనిపించాడు. శుభ్రంగా గీసుకున్న గడ్డం, గుండీలున్న కోటు, భుజాన తోలు సంచీ. అందులో ఇనుముకి కంతలు చేసే చేతి బరమా.

"ఎక్కడికి తాతా?"

"పొయ్యిలున్న ఇళ్ళకి."

ఆ అడ్డురేకు మధ్య బొటనవేలంత కంత ఉంటే, పిడి పూర్తిగా మూసినా విషం పైకి పోతుంది. ఈ సంగతి అతనికి పడవల మీద ఎవరో ఎప్పుడో చెప్పారట. చెప్పినప్పుడు విని ఊరుకున్నాడట. ఇప్పుడు ఊళ్ళో ఉన్న నూట ముప్పై పొయ్యిలకీ కంత చేస్తానన్నాడు.

కళ్ళు సరిగా కనపడక రేకు మధ్యభాగం తప్పుతున్నాడని మొదటి రోజే తెలిసింది. అందుకని పాపని మామ్మ దగ్గర వదిలి నేనూ వెంట వెళ్ళేదాన్ని. సుద్దముక్కతో రేకు మీద గుర్తు పెట్టడం నా పని. కొందరు టీ ఇచ్చారు. కొందరు వేడంతా పోతుందని గొణిగారు. నది పక్క సందులో ఒకావిడ తలుపు సగం తెరిచి, ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"మా పొయ్యి బాగానే ఉందిగా. నలభై ఏళ్ళ నుంచీ ఏమీ కాలేదు. కంత దేనికి?"

తాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చెప్పాల్సింది వాక్యంగా రాలేదు అతనికి. పెదాలు కదిలాయి, అంతే. నేను చెప్పబోతే చేత్తో వద్దన్నాడు.

"నేను మూశానమ్మా," అన్నాడు చివరికి. "ఈ అమ్మాయి బిడ్డ ఉన్న గదిలో. అందుకని."

ఆవిడ నా వైపు చూసింది. తలుపు పూర్తిగా తెరిచి, పొయ్యి ముందున్న కట్టెల బుట్ట కాలితో పక్కకి జరిపింది.